వెనక్కి చదువుతూ ముందుకు రాయడం



ఫాంటసీ నవలల సిరీస్‌కూ ఒక్క నవలకూ ఉన్న అసలు తేడా పొడవులో లేదు. ఒక్క నవలైతే ముప్ఫయ్యో అధ్యాయం రాస్తుండగా మూడో అధ్యాయంలో చెప్పింది పొసగడం లేదని తెలిస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. సిరీస్‌లో మొదటి పుస్తకం అప్పటికే అచ్చయి పాఠకుల ఇళ్లలో ఉంటుంది. రాజుది ఎడమచేతి వాటమని అందులో ఉంటే నాలుగో పుస్తకంలోనూ ఆయన కత్తి ఎడమచేత్తోనే దూయాలి. చనిపోయినవాళ్లు తిరిగి రారని ఒక మాంత్రికుడు చెప్పి ఉంటే ఆ మాట చివరిదాకా నిలవాలి, లేదా అతను అలా ఎందుకన్నాడో రచయిత చెప్పగలగాలి. కొత్త వింతలు కల్పించే శక్తి రచయితకు ఉండవలసిందే. కానీ ఈ పనిలో అంతకన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది ఇంకొకటుంది. తాను రాసినదాన్ని తానే కొత్తవాడిలా చదివి, అందులో తనకు తెలియకుండా వచ్చి చేరిన సంగతుల్ని పట్టుకోవడం అది. పేరు నిలిచిన సిరీస్‌లు ఎక్కువగా పెరిగింది ఈ చదువు వల్లే.

మొదట పుట్టేది సాధారణంగా చాలా చిన్నది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా పనిచేసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ పిల్లల కోసం రాసిన ‘ది హాబిట్’ 1937 సెప్టెంబరులో వచ్చింది. దానికి కొనసాగింపు కావాలని ప్రచురణకర్త అడిగితే ఆ డిసెంబరులోనే మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒక పుట్టినరోజు విందు, విందు మధ్యలో అందరి కళ్లెదుటే మాయమైపోయే ఒక మనిషి, అంతే. మొదటి చిత్తుప్రతిలో మాయమయ్యేది పాత కథానాయకుడు బిల్బోనే. తర్వాతి ప్రతుల్లో ఆ చోటికి అతని కొడుకు వచ్చాడు, ఆ తర్వాత బింగో అనే బంధువు వచ్చాడు. ఇవాళ లోకమంతటికీ తెలిసిన ఫ్రోడో అనే పేరు ఇంకా తర్వాతి సంగతి. అమెరికన్ రచయిత్రి అర్సులా లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ సిరీస్‌కు ముందు 1964లో అదే ద్వీపలోకం మీద రెండు చిన్న కథలు రాసింది. కాస్త పెద్ద పిల్లలకు ఒక పుస్తకం కావాలని ఒక ప్రచురణకర్త అడిగినప్పుడు ఆమెకు తట్టింది ఒక ప్రశ్న: తెల్లగడ్డాల ముసలి మాంత్రికులు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారు, ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1991లో వేరే నవల రాస్తుండగా, వేసవి మంచులో చనిపోయిన తోడేలు పక్కన దొరికిన దాని పిల్లల దృశ్యం మనసులోకి వచ్చింది. ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ సిరీస్ అక్కడే మొదలైంది.

కొత్తగా రాయబూనినవారు సాధారణంగా దీనికి తలకిందులుగా వెళతారు. అయిదువేల ఏళ్ల చరిత్ర, ఏడు రాజవంశాలు, పదహారు తెగల ఆచారాలు రాసిపెట్టుకుని, ఆ తర్వాత వాటిలో బతికే మనిషి కోసం వెతుకుతారు. ఆ నోటుపుస్తకాలు నిండుతూనే ఉంటాయి, నవల మాత్రం మొదలవదు. టోల్కీన్ తన లోకపు పురాణాలను మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచే రాసుకుంటున్న మాట నిజమే. అయితే ఆ పురాణాలు ఉన్నంత మాత్రాన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పుట్టలేదు. ‘ది హాబిట్’లో కథానాయకుడికి ఒక ఉంగరం దొరుకుతుంది, పెట్టుకుంటే మనిషి కనిపించడు. ఆ పుస్తకంలో దాని పని అంతే, ఆపద వచ్చినప్పుడు తప్పించుకోవడానికి పనికొచ్చే వస్తువు. రెండో పుస్తకం ఎటు పోవాలో తోచక టోల్కీన్ మొదటి పుస్తకంలో మిగిలిపోయిన సంగతులేమిటని వెతికాడు. ఈ ఉంగరం ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న అక్కడ పట్టుకున్నాడు. పెద్ద కథ అంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా వచ్చింది.

ప్రశ్న దొరికాక లోకానికి కొలతలు కావాలి. టోల్కీన్ ముందు పటం పెట్టుకుని, దానికి తగ్గట్టు కథ నడిపాడు. లె గ్విన్ కూడా ద్వీపాల పటం గీసుకున్న తర్వాతే కథలోకి దిగింది. పుస్తకం మొదట్లో అందంగా కనిపించడం పటం అసలు పని కాదు. రచయితను అబద్ధమాడనివ్వకుండా పట్టుకోవడం దాని పని. నడిచే మనిషి మంచి బాట మీద రోజుకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు వెళతాడు. అడవిలో, కొండ ఎక్కుడులో అందులో సగమైనా కష్టమే. ఈ లెక్క పెట్టుకోకపోతే ఒక దూత మూడు రోజుల్లో దాటిన దారిని ఒక సైన్యం ఒక్క రాత్రిలో దాటేస్తుంది. పాఠకుడు వేళ్లు లెక్కపెట్టుకోకపోయినా ఆ లోకం తేలికగా ఉందని మాత్రం గ్రహిస్తాడు.

కాలం లెక్క ఇంకా కఠినం. పాత్రలు విడిపోయి నాలుగు దారుల్లో పోతున్నప్పుడు ఏ రోజు ఎవరు ఎక్కడున్నారో ఒక పట్టికలో వేసుకోవాలి. నిలువుగా తేదీలు, అడ్డంగా ఒక్కో గుంపుకు ఒక గడి. టోల్కీన్ ఇలాంటి కాలపట్టికలు వేసుకున్నాడు. 1944లో రాస్తుండగా చంద్రుడు ఒకచోట ఉదయిస్తున్న వేళకే మరోచోట అస్తమిస్తున్నట్టు తేలితే, అప్పటికే రాసిన భాగాలను తిరగరాస్తూ కూర్చున్నాడు. ఈ ఒక్క విషయంలో తెలుగు రచయితకు పంచాంగం రూపంలో గొప్ప సాధనం చేతికందేంత దగ్గరలో ఉంది. శుద్ధ చవితి నెలవంక పొద్దుగూకిన రెండు మూడు గంటల్లోనే అస్తమిస్తుంది, కాబట్టి ఆ నాటి అర్ధరాత్రి కోటగోడ ఎక్కేవాడికి వెన్నెల ఉండకూడదు. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి దిగిపోతే, బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి పైకి వస్తాడు. పున్నమినాడు పొద్దు కుంకుతుండగానే తూర్పున నిండుచంద్రుడు లేస్తాడు. ప్రతి రాత్రి సన్నివేశం పక్కన తిథి రాసుకుంటే వెన్నెల దానంతటదే సరైన చోట పడుతుంది. ‘ఆ రాత్రి పండువెన్నెల’ అని అలవాటుగా రాసే వాక్యాలు సగం అక్కడే రాలిపోతాయి. చీకట్లో దొంగతనంగా జరగవలసినవి ఏ తిథుల్లో పెట్టుకోవాలన్న ఆలోచన కథనే మార్చేస్తుంది.

మంత్రశక్తికి హద్దులు పెట్టడం తర్వాతి పని. ఏదైనా చేయగల మంత్రం కథలో ఉంటే ఏ ఆపదా ఆపద కాదు. ఎర్త్‌సీలో ప్రతి వస్తువుకూ ఒక నిజమైన పేరుంటుంది, ఆ పేరు తెలిసినవాడికే దాని మీద అధికారం. అలాగని పేరు తెలిసినవాడు ఇష్టమొచ్చినట్టు చేయడానికి వీల్లేదు. ఒక దీవిలో వాన కురిపిస్తే మరో దీవికి కరువు రావచ్చు. కథానాయకుడు గెడ్ చదువుకునే రోజుల్లో గర్వంతో చేసిన ఒక ప్రయోగం అతని ముఖం మీద జీవితాంతం మానని మచ్చగా మిగిలింది. మొదటి పుస్తకం మొత్తం ఆ ఒక్క తప్పు వెంటే నడుస్తుంది. హద్దు సరిగ్గా పెడితే ఆ హద్దే కథను పుట్టిస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

హద్దు పెట్టకపోతే ఏమవుతుందో జె.కె. రౌలింగ్ సిరీస్‌లో చూడవచ్చు. 1999లో వచ్చిన మూడో పుస్తకంలో కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం ఒకటి వస్తుంది. ఆ పుస్తకం వరకు అది చక్కగా అమరింది. కానీ అలాంటిది లోకంలో ఉన్నాక ప్రతి చావు దగ్గరా పాఠకుడికి ఒకటే సందేహం, వెనక్కి వెళ్లి ఎందుకు ఆపరు అని. 2003లో వచ్చిన అయిదో పుస్తకంలో ఒక పోరాటం మధ్య ఆ యంత్రాలు పెట్టిన బీరువానే పగిలిపోతుంది. కథకు ఆ ద్వారం మూసుకోక తప్పలేదు.

మన కథల్లో ఈ హద్దు మొదటి నుంచీ ఉంది. శాపం ఇచ్చినవాడే దాని గడువూ విమోచనమార్గమూ చెబుతాడు. వరం ఇచ్చినప్పుడు అడిగినవాడు వాడిన మాటల్లోనే దానికి సందు మిగిలిపోతుంది. హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, లోపలా బయటా, మనిషీ మృగమూ అని ఎంత జాగ్రత్తగా లెక్కవేసి అడిగినా, ఆ జాబితాలో లేని క్షణం, లేని చోటు, లేని రూపం ఉన్నాయి. మొదటి పుస్తకంలోనే వరం మాటలన్నీ పాఠకుడి ముందు పెట్టి, సందు ఎక్కడుందో చివరి పుస్తకం దాకా దాచగలిగితే సిరీస్‌కు అది బలమైన వెన్నెముక. ఆ మాటల్లో ఒక్కటి కూడా తర్వాత మార్చడానికి వీల్లేదు కాబట్టి, వాటిని రాయడానికి ఒక అధ్యాయం రాసేంత సమయం తీసుకున్నా ఎక్కువ కాదు.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తెలుగులో రాసే ఫాంటసీ చాలాసార్లు ఇక్కడే చప్పబడుతుంది. టోల్కీన్ భాషాశాస్త్రవేత్త. ఆయన కల్పించిన రెండు ప్రధాన ఎల్ఫ్ భాషల్లో ఒకదానికి ఫిన్నిష్, మరొకదానికి వెల్ష్ ధ్వనులు ఆధారం. అందువల్ల ఒక పేరు వినగానే అది ఏ జాతిదో పాఠకుడి చెవికి తెలిసిపోతుంది. ఆ ధ్వనుల్ని తెలుగులోకి ఎత్తుకొస్తే మాత్రం అవి ఎవరివీ కావు. తెలుగు ఊరిపేర్లలో ఆ పని చేసే శక్తి కావలసినంత ఉంది. లంక అంటే నది మధ్య భూమి, గూడెం అంటే అడవి పక్క పల్లె, కోన అంటే కొండల నడుమ లోయ. కుర్రు, పాడు, వాడ, మెట్ట, రేవు ఒక్కోటీ ఒక్కో నేలను చూపిస్తాయి. కల్పిత రాజ్యంలో ఊళ్ల పేర్లకు ఇలాంటి చివరలు తగిలిస్తే ప్రత్యేకంగా వర్ణన చేయకుండానే భూగోళం తెలిసిపోతుంది.

సంభాషణలో తెలుగుకు ఉన్న గొప్ప వీలు పిలుపు. నువ్వు, మీరు, తమరు అనే మెట్ల మీద అధికారం ఎటు జరుగుతోందో ఒక్క మాటలో చూపించవచ్చు. మూడు పుస్తకాలుగా రాజును ‘తమరు’ అన్న సేనాపతి ఒక చీకటి గదిలో మొదటిసారి ‘మీరు’ అంటే, తిరుగుబాటు అప్పుడే మొదలైనట్టు. దానికోసం అంతకుముందు వందల పేజీల్లో ఒక్కసారి కూడా ఆ పిలుపు జారి ఉండకూడదు. మాంత్రికులందరి చేతా గ్రాంథికం మాట్లాడించడం వల్ల వచ్చే గాంభీర్యం కన్నా ఇలా వచ్చేది చాలా లోతైనది.

ఇక మొదటి చిత్తుప్రతి. లోకం ఎంత సిద్ధమైనా కథలో ఏం జరుగుతుందో చాలావరకు రాస్తున్నప్పుడే తెలుస్తుంది. టోల్కీన్ పాత్రలు బ్రీ అనే ఊరి సత్రానికి చేరినప్పుడు మూలన ఒక అపరిచితుడు కూర్చుని ఉంటాడు. అతను ఎవరో రాస్తున్నవాడికే తెలియదు. మొదటి ప్రతుల్లో అతని పేరు ట్రాటర్, చెక్కచెప్పులు వేసుకుని టకటక నడిచే ఒక హాబిట్, అంటే పొట్టి జాతి మనిషి. ఆ చెప్పులు ఎందుకని రచయిత చాలాకాలం ఆలోచించాడు. శత్రువు చెరలో అతను పడ్డ హింసకు అవి గుర్తు కావచ్చన్న ఊహ కూడా చేశాడు. ఎన్నో ప్రతుల తర్వాత ఆ కురచ మనిషి పొడుగాటి దేశదిమ్మరి అయ్యాడు, ఆ దేశదిమ్మరి పోగొట్టుకున్న రాజ్యానికి వారసుడు అరగార్న్ అయ్యాడు. సంభాషణల్లో కొన్ని మాత్రం మొదటి హాబిట్ పలికినవే పెద్దగా మారకుండా నిలిచాయి. మనిషి ఎవరో తెలియకముందే అతని గొంతు సరిగ్గా పట్టుబడిందన్నమాట. అపరిచితుడు సత్రంలోకి వస్తే, ఎవరో తెలిసేదాకా ఆగి రాద్దామనుకోకుండా అతన్ని కూర్చోబెట్టి మాట్లాడనివ్వడమే మంచి పద్ధతి.

ఈ పద్ధతిలో ఆగిపోవడం తప్పదు. మోరియా గనుల్లో బాలిన్ అనే మరుగుజ్జు సమాధి దగ్గర కథ చాలాకాలం నిలిచిపోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాగితం దొరకక టోల్కీన్ విద్యార్థుల పరీక్ష కాగితాల ఖాళీ పుటల మీద కూడా రాశాడు. ఆగిన ప్రతిసారీ ఆయన చేసిన పని మొదటి అధ్యాయానికి తిరిగి వెళ్లి, కొత్తగా తెలిసినదాని వెలుగులో అంతా మళ్లీ రాసుకుంటూ రావడం. అలా రాసుకుంటూ వచ్చేసరికి ఆగిన చోటు దాటే వేగం వచ్చేది. కథ నిలిచిపోయినప్పుడు ముందుకు తోయడానికి కొత్త రాక్షసుడినో కొత్త యుద్ధాన్నో తెచ్చిపెట్టడం తేలిక. కానీ ఆగడానికి కారణం ఎక్కువగా వెనకే ఉంటుంది. ఎవరో ఒకరు చేయకూడని పని చేసి ఉంటారు, లేదా చెప్పకూడనిది ముందే చెప్పి ఉంటారు.

అచ్చయిపోయిన పుస్తకమే అడ్డొస్తే ఏం చేయాలి? 1937 నాటి ‘ది హాబిట్’లో చీకటి గుహలో బిల్బోకూ, అక్కడ ఉండే గొల్లుమ్ అనే జీవికీ మధ్య పొడుపుకథల పోటీ జరుగుతుంది. గొల్లుమ్ ఓడిపోతే ఉంగరాన్ని బహుమతిగా ఇస్తానని తనంతట తానే పందెం కాస్తాడు. ఓడిపోయాక ఉంగరం కోసం నిజాయితీగా వెతుకుతాడు, దొరక్కపోతే క్షమాపణ అడిగి బయటికి దారి చూపిస్తాడు. ఉంగరం ఆటవస్తువుగా ఉన్నంతకాలం ఇందులో చిక్కేమీ లేదు. కానీ కొత్త కథలో అది పెట్టుకున్నవాడి మనసును పట్టి పీడించే వస్తువు. దాన్ని ప్రాణంకన్నా ఎక్కువగా కాపాడుకునేవాడు పందెంలో పెడతాడా? టోల్కీన్ 1947లో ఆ అధ్యాయాన్ని మార్చి రాసి, ఇలా ఉంటే బాగుంటుందని నమూనాగా ప్రచురణకర్తకు పంపాడు. 1951లో వచ్చిన రెండో ముద్రణలో ఆ మార్పు చేరింది. ఇప్పుడు గొల్లుమ్ ఉంగరం పోయిందని తెలియగానే దొంగ అని అరుస్తూ వెంటపడతాడు.

మొదటి ముద్రణ చదివినవాళ్ల సంగతో? అసలు గొప్పతనం ఈ ప్రశ్నకు దొరికిన జవాబులో ఉంది. పాత కథను చెరిపేయకుండా టోల్కీన్ దాన్ని బిల్బో ఆడిన అబద్ధంగా మార్చాడు. ఉంగరం తనకు న్యాయంగా వచ్చిందని చెప్పుకోవడానికి బిల్బో తోటివారికి ఆ కట్టుకథ చెప్పాడు, తన పుస్తకంలోనూ అలాగే రాసుకున్నాడు. ఎప్పుడూ అబద్ధమాడని మనిషి దీని గురించి ఎందుకు అబద్ధమాడాడన్న అనుమానం మాంత్రికుడు గాండాల్ఫ్‌కు కలుగుతుంది. ఉంగరం మామూలుది కాదనడానికి అది తొలి గుర్తుల్లో ఒకటవుతుంది. రచయిత చేతిలో లేని పాత పుస్తకం ఈ విధంగా కొత్త కథకు సాక్ష్యంగా నిలబడింది. సిరీస్ రాసేవాళ్లు ఈ ఒక్క మార్పును రెండు ముద్రణలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఎన్నో శిక్షణ పుస్తకాల్లో దొరకనిది దొరుకుతుంది. అచ్చయిన దానిలో పొసగని మాట కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్న ‘దీన్ని ఎలా దాచాలి’ అన్నది కాదు. ‘ఈ మాట ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, వాళ్లకు తెలియనిదేమిటి’ అన్నది.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1949కి పూర్తయింది. 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా రావడానికి ప్రధాన కారణం అచ్చు ఖర్చు. రచయిత దృష్టిలో అది ఒకే నవల. అంటే మొదటి సంపుటం అచ్చుకు వెళ్లేసరికి చివరి పేజీ కూడా ఆయన దగ్గర ఉంది. ఇప్పటి రచయితలకు ఆ తీరిక అరుదు. మార్టిన్ మూడు పుస్తకాలనుకుని మొదలుపెట్టిన సిరీస్‌లో 1996 నుంచి 2000 మధ్య మూడు వచ్చాయి. నాలుగో దానికి ముందు కథలో అయిదేళ్ల విరామం ఇచ్చి పిల్లపాత్రల్ని పెద్దవాళ్లను చేయాలని ఆయన అనుకున్నాడు. రాస్తుంటే ఆ అయిదేళ్లలో జరిగినవన్నీ వెనక్కి తిరిగి చెప్పవలసి వచ్చింది, అందుకని ఆ ఆలోచన వదిలేశాడు. నాలుగో పుస్తకం 2005లో, అయిదోది 2011లో వచ్చాయి. మూడు పుస్తకాలూ అప్పటికే అచ్చయి ఉండటం వల్ల, పాత్రల వయసులు మార్చడానికి వెనక దారి మూసుకుపోయింది. అంత ప్రతిభ ఉన్న రచయితకే ఇంత కష్టమైనప్పుడు, కొత్తవాళ్లు కనీసం రెండు పుస్తకాల చిత్తుప్రతులైనా చేతిలో ఉండగా మొదటిదాన్ని అచ్చుకివ్వడం ఎంతో క్షేమం. రెండోది రాస్తుండగా మొదటిదానిలో దిద్దవలసినవి ఎన్ని బయటపడతాయో రాసినవాళ్లకే తెలుస్తుంది.

ముందే ప్రణాళిక వేసుకునేవాళ్లూ ఉన్నారు. రౌలింగ్ ఏడు పుస్తకాలని మొదటి నుంచీ అనుకుంది. అయిదో పుస్తకానికి ఆమె చేత్తో గీసుకున్న పట్టికలో ఒక్కో అధ్యాయానికి ఒక్కో వరస, ఒక్కో ఉపకథకు ఒక్కో గడి ఉన్నాయి. ఏ ఉపకథ ఎన్ని అధ్యాయాలుగా కనిపించకుండా పోయిందో అలాంటి కాగితం మీద ఒక్క చూపులో తెలుస్తుంది. ప్రణాళికతో రాసేవారికైనా, ఊహ వెంట పోయేవారికైనా ఈ పట్టిక పనికొస్తుంది. మొదటివారు రాయకముందు వేస్తారు, రెండోవారు రాశాక వేస్తారు.

నెలనెలా అచ్చయ్యే సీరియల్ ఈ కట్టుబాటుకు అన్నిటికన్నా కఠినమైన రూపం. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాశారు. వాటికి ‘చిత్ర’ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఎన్నో తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తు. ప్రతి నెలా కొద్ది పేజీలు, ఆపద అంచున ఆగే చివరి వాక్యం, పోయిన నెల రాసినదాన్ని ముట్టుకునే వీల్లేకపోవడం, ఇవి ఆ ప్రక్రియ షరతులు. ఆ సీరియల్స్ పుస్తకరూపంలో చదివేటప్పుడు ఒక్కో భాగం ఎక్కడ తెగిందో పెన్సిల్‌తో గీత గీసుకుంటూ పోతే, పాఠకుణ్ణి నెలరోజులు నిలబెట్టడానికి ఏం మిగల్చాలో తెలుస్తుంది. దీర్ఘకాలం జవాబు దాచడం నేర్చుకోవాలంటే ఇంకా వెనక్కి, పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ దాకా వెళ్లాలి. మొదటి ఆశ్వాసాల్లో అర్థం కాకుండా వదిలేసిన వింతలకు ఎంతో దూరం వెళ్లాక, మధురలాలస అనే పసిబిడ్డ నోట పూర్వకథ బయటపడినప్పుడు గానీ పొందిక కనిపించదు. తెలుగులో ఫాంటసీకి పునాది లేదనుకునేవాళ్లు ఆ ఒక్క కావ్యం కథాసంవిధానాన్ని కాగితం మీద గీసి చూడాలి.

సిరీస్‌లో మధ్య పుస్తకాలే ఎక్కువగా నీరసిస్తాయి. మొదటిదానికి కొత్తదనం ఉంటుంది, చివరిదానికి ముగింపు ఉంటుంది, మధ్యది రెంటికీ వంతెనలా మిగిలిపోతుంది. లె గ్విన్ దీనికి చూపిన దారి ప్రతి పుస్తకానికీ వేరే మనిషిని నడుమ నిలబెట్టడం. 1968 నాటి మొదటి పుస్తకం గెడ్‌ది. రెండోదానిలో కథ చీకటి సమాధుల్లో పూజారిణిగా పెరిగిన టెనార్ అనే పిల్లది, గెడ్ అందులో సగం దూరం వెళ్లాక గానీ రాడు. 1972లో వచ్చిన మూడోది ఒక యువరాజు కళ్లతో నడుస్తుంది. ఒక్కో పుస్తకంలో మొదలైన ప్రశ్న ఆ పుస్తకంలోనే తీరుతుంది, లోకం మాత్రం మిగులుతుంది.

ఆమె చేసిన అన్నిటికన్నా సాహసమైన పని తర్వాత వచ్చింది. మూడు పుస్తకాలతో ముగిసిందనుకున్న సిరీస్‌లోకి 1990లో ‘టెహాను’తో తిరిగి వచ్చింది. మొదటి పుస్తకాల్లో మంత్రవిద్యాలయం మగవాళ్లకే, ఆడవాళ్ల మంత్రాలకు విలువ లేదు. అప్పుడు దాన్ని ఆమె ప్రశ్నించలేదు, ఫాంటసీలో అది అలవాటు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ నియమాన్ని మార్చలేదు, కొట్టేయలేదు. పొలం పనుల్లో ఉన్న నడివయసు విధవగా టెనార్‌నూ, మంటల్లో కాలిన ఒక చిన్నపిల్లనూ, శక్తులన్నీ పోయి మేకలు కాసుకునే గెడ్‌నూ తీసుకుని ఆ నియమం కింద బతుకు ఎలా ఉంటుందో చూపింది. 2001లో వచ్చిన చివరి నవలలో ఇంకా ముందుకు వెళ్లింది. మొదటి పుస్తకాల్లో సహజమన్నట్టు చూపిన మృతులలోకం, ఆ రాతిగోడ, ఆ నీడలు, ఎప్పుడో మాంత్రికులు చేసిన తప్పు వల్ల వచ్చినవని తేలుతుంది. వాస్తవం ఒక్కటీ మారలేదు, అర్థం పూర్తిగా మారిపోయింది. ముప్ఫై ఏళ్ల కింద తాను రాసిన లోకాన్ని ఇంత నిష్కర్షగా చదువుకున్న రచయితలు ఏ భాషలోనూ ఎక్కువమంది ఉండరు.

వినేవాళ్లు కూడా ఈ ప్రక్రియలో భాగమే. టోల్కీన్ అధ్యాయాలను ఇంక్లింగ్స్ అనే మిత్రబృందంలో చదివి వినిపించేవాడు, అందులో సి.ఎస్. లూయిస్ ముఖ్యుడు. 1944లో వైమానికదళంలో దక్షిణాఫ్రికాలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కు రాసినవి రాసినట్టు పంపాడు. పొగిడే పదిమంది కన్నా, మూడో అధ్యాయంలో గుర్రం రంగు వేరు కదా అని అడిగే ఒక్కరు సిరీస్ రాసేవారికి ఎక్కువ అవసరం.

చివరగా కాగితాల సంగతి. ఒక పెద్ద నోటుపుస్తకంలో పాత్రల పేర్లు, వయసులు, గాయాలు, ప్రమాణాలు, బంధుత్వాలు, ప్రతిదానికీ పుస్తకం పేరూ పేజీ సంఖ్యా రాసిపెట్టుకోవాలి. కంప్యూటర్‌లో ఉంచుకున్నా సరే, అచ్చయిన ప్రతిలోని మాటలనే అందులో ఎక్కించాలి, గుర్తున్నవి కాదు. పాత చిత్తుప్రతులు పారేయకూడదు, ప్రతిదాని మీద తేదీ ఉండాలి. టోల్కీన్ పద్ధతి ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ కాగితాలు మిగలడం, క్రిస్టఫర్ 1983 నుంచి 1996 వరకు పన్నెండు సంపుటాలుగా వాటిని వరసపెట్టి ప్రచురించడం. ‘ది వీల్ ఆఫ్ టైమ్’ రాసిన రాబర్ట్ జోర్డాన్ జబ్బుపడినప్పుడు చివరి పుస్తకం కోసం నోట్సు సిద్ధం చేసి, ముగింపు సన్నివేశం రాసిపెట్టి, 2007లో చనిపోయాడు. ఆయన భార్య, సంపాదకురాలు హ్యారియట్ మెక్‌డూగల్ ఆ పని బ్రాండన్ శాండర్సన్‌కు అప్పగించింది. ఒక్క పుస్తకమనుకున్నది మూడై, పద్నాలుగో సంపుటంతో 2013లో సిరీస్ పూర్తయింది. రాయబోయే ముగింపు ఎంత మసకగా ఉన్నా ఒక కాగితం మీద పెట్టి, తేదీ వేసి, నోటుపుస్తకం మొదటి పేజీలో అంటించుకోవాలి. ప్రతి పుస్తకం పూర్తయ్యాక దాన్ని తీసి చదివి, మారినదేమిటో కిందే రాసి, పాత మాటల్ని కొట్టేయకుండా ఉంచాలి.